కంకర అతికించాక పట్టాల మోత పెరిగింది, ఎందుకు?

గుణదల_లూప్‌లైన్:
అందరికీ నమస్కారం. మా ఫ్లాట్‌లో హెచ్‌ఓ స్కేల్ మోడల్ రైలు లేఅవుట్ కడుతున్నాను. 12 ఎంఎం ప్లైవుడ్, దాని మీద 5 ఎంఎం కార్క్ పట్టీ, ఆ పైన పట్టాలు. మొన్నటిదాకా బండి తిరుగుతుంటే పక్క గదిలోకి వినపడేది కాదు. పోయిన వారం కంకర పోసి, తెల్ల జిగురు నీళ్లలో కలిపి అతికించాను. అది ఎండిన దగ్గర్నుంచి ఒకటే మోత. అదే ఇంజిన్, అవే పెట్టెలు. రాత్రిళ్లు ఏం మిషన్ నడుపుతున్నారని కింది ఫ్లాట్‌వాళ్లు అడిగారు. కార్క్ మందం పెంచాలా? పెంచాలంటే మొత్తం పీకాలి, అదే టెన్షన్.

చిన్నగేజ్:
మేకులు కొట్టి ఉంటే ముందు అవి తీసెయ్యండి. కార్క్ దాటి ప్లైవుడ్‌లోకి దిగిన ప్రతి మేకూ శబ్దాన్ని నేరుగా కిందికి దింపుతుంది.

పీవే_రిటైర్డ్:
మందం పెంచక్కర్లేదు బాబూ. కార్క్ తన పని తాను చేస్తోంది, శబ్దమే పక్కదారిన దిగుతోంది. తెల్ల జిగురు ఎండితే కంకరంతా గట్టిగా ఒకే పలకలా బిగుస్తుంది. ఆ పలక పైన స్లీపర్లను (పట్టాల కింది అడ్డ దిమ్మలను) పట్టుకుంటుంది, కార్క్ అంచు మీదుగా దిగి ప్లైవుడ్‌నూ పట్టుకుంటుంది. చక్రాల అదురు ఆ దారిన పోయి బల్లంతా మోగుతుంది.

నేను రైల్వేలో పట్టాల పనులు చూసే పర్మనెంట్ వే విభాగంలో పనిచేశాను. అసలు లైన్లో రాయికి రాయి అతుక్కుని ఉండదు. రాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ అదురును మింగేస్తాయి. కాంక్రీట్ స్లీపరుకీ పట్టాకీ మధ్య రబ్బరు ప్యాడ్ కూడా వేస్తాం. రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన మీద కంకర ఉండదు, స్లీపర్లు ఇనుప గర్డర్ల మీదే ఉంటాయి. బండి వంతెన ఎక్కగానే వచ్చే ఆ మోత అందుకే. మీ బల్ల మీద జరుగుతున్నదీ అదే.

ముందు ఒక పరీక్ష చేయండి. మడతపెట్టిన తువ్వాలు మీద విడి పట్టా పెట్టి అదే ఇంజిన్ నడపండి. అక్కడా మోత ఉంటే గేర్లను చూడాలి. లేకపోతే కంకరే కారణం. అప్పుడు గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి కొద్దికొద్దిగా తడపండి, జిగురు మెత్తబడ్డాక కంకరను గరిటెతో లేపండి. నీళ్లకు చెక్కుచెదరని మెరైన్ రకం జిగురైతే ఇది పనిచేయదు. ప్లైవుడ్‌ను మాత్రం నాననివ్వొద్దు, పొరలు విడిపోతాయి.

మళ్లీ పోసేటప్పుడు ఎండినా రబ్బరులా సాగే లేటెక్స్ జిగురు వాడండి. కార్క్ కింద, కంకర వాలు కన్నా వెడల్పుగా మెత్తటి ఫోమ్ షీటు ఉంటే ఇంకా మంచిది. ఒక్క గులకరాయి కూడా ప్లైవుడ్‌ను తాకకూడదు.

గుణదల_లూప్‌లైన్:
సార్, తువ్వాలు మీద ఇంజిన్ శబ్దమే లేదు! కంకర పోయని లూప్ లైన్లో కూడా నిశ్శబ్దంగానే పోతోంది. ఆదివారం ఒక మూరెడు ముక్క తడిపి చూస్తాను. కింది ఫ్లాట్ కోసం ఇంకేమైనా చేయాలా?

పీవే_రిటైర్డ్:
బల్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి, బల్లను గోడకు ఆనించొద్దు. మేకులు తీశాక పట్టాలు వదులైతే కింద యాక్రిలిక్ సీలెంట్ పల్చగా రాయండి. అది ఎండినా కొంచెం సాగుతుంది. బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్ల దగ్గర మాత్రం కదిలే స్లీపర్ కింద సీలెంట్ గానీ జిగురు గానీ పడనివ్వొద్దు, పాయింట్ బిగుసుకుపోతుంది.