తిరుపతి ఎండల్లో ఇంట్లో రీళ్ళు కడగడం ఆపేయాల్నా?

కొర్లగుంట_పిల్లోడు:
అన్నలూ అక్కలూ అందరికీ నమస్తే. పోయిన దీపావళి నుంచి ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రీళ్ళు కడుగుతా ఉండా, ఫోటోలు కూడా నేనే వేస్తా. మా మామ బీరువాలో పడేసిన పెంటాక్స్ కె1000 కెమెరా, చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న ఎన్లార్జరు (నెగెటివ్‌ని పెద్దది చేసి పేపర్ మీద వేసేది), మూడు ప్లాస్టిక్ ట్రేలు, ఇంతే నా సరంజామా. మిద్దెపైన చిన్న బాత్‌రూము ఉండాది, కిటికీకి నల్లగుడ్డ రెండు మడతలేసి మేకులు కొట్టేసినా, తలుపు కింద సందులో పాత దుప్పటి దూరుస్తా.

నాది ఫైనాన్స్ ఆఫీసులో పని, పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఫోన్లే ఫోన్లు, ఇంటికొచ్చినా చెవిలో అవే గొంతులు. ఆ బాత్‌రూములోకి మాత్రం ఫోన్ తీసుకుపోలేము, స్క్రీన్ ఒక్కసారి వెలిగిందంటే ఫోటో పేపర్ నల్లబడిపోతుంది కదా. రెండు గంటలు నన్నెవురూ పిలవరు. ఎర్ర లైటు కింద ట్రే మెల్లిగా ఊపుకుంటా, నోటితో ఒకటీ రెండూ లెక్కపెట్టుకుంటా కూచుంటే ఊపిరి దానంతట అదే నిదానమవుతుంది. నా మొదటి ప్రింటు మా జేజిది, అరుగు మీద కూచోని కనకాంబరాలు కడతా ఉంటే తీసినా. పదహైదు లెక్కపెట్టేసరికి మొదట జేజి వెనకాల తలుపులోని చీకటి వచ్చింది, తర్వాత చీర అంచు, జేజి మొహం అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. ఆ రోజు ఎంతసేపు దాన్నే చూస్తా నిలబడినానో నాకే తెలీదు.

ఇప్పుడు కష్టం ఏందంటే ఎండలు మొదలైనాయి, ట్యాంకు నీళ్ళు మధ్యాన్నం 33 డిగ్రీలు చూపిస్తా ఉండాయి. పోయిన వారం చంద్రగిరి కోటలో రాజమహల్ దగ్గర తీసిన రీలు (హెచ్‌పీ5 ఫిల్మ్, బొమ్మని పైకి తెచ్చే మందు అంటే డెవలపర్ ఐడీ-11, దాంట్లో నీళ్ళేమీ కలపకుండా ఏడున్నర నిమిషాలు) బొగ్గు మాదిరి వచ్చింది, కాంతికి పట్టుకున్నా ఏమీ కనపడలా. ఇంట్లో వాళ్ళేమో జులై దాకా ఆపేయ్ అంటా ఉండారు. ఆపేస్తే వారానికి ఒకసారి దొరికే ఆ రెండు గంటలు పోతాయి, దాని గురించే నా బాధంతా. మీరు ఎండాకాలం ఎట్లా చేస్తారు? ఇంకోటి, ఈ నెమ్మది నా ఒక్కడికేనా, మీకూ ఉంటుందా?

చిత్తూరు_పాతస్టూడియో:
నాయనా, నేను 1979లో చిత్తూర్లో ఒక స్టూడియోలో చేరినా, కలర్ ల్యాబులు వచ్చేదాకా డార్క్‌రూమే నా లోకం. మెట్ల కింద గది, ఒక జీరో వాట్ ఎర్ర బల్బు, ఫ్యాను లేదు. మే నెల్లో మేం పగలు రీలు ముట్టుకునేవాళ్ళమే కాదు. తెల్లారుజామున నాలుక్కి లేస్తే నీళ్ళు కొంచెం దారికొచ్చి ఉంటాయి. కుండ ఉందా మీ ఇంట్లో? రాత్రే డెవలపర్ సీసా, హైపో (బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు) సీసా, కడిగే నీళ్ళ సీసాలు అన్నీ కుండనీళ్ళు పోసిన గంగాళంలో పెట్టి పైన తడిగుడ్డ కప్పు. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాల, అది ముఖ్యం. డెవలపర్ ఐస్ మాదిరి పెట్టి ఆపైన కొళాయి వేడినీళ్ళు పోస్తే ఫిల్మ్ మీది పొర ముడతలు పడుతుంది, నేనట్లా ఒక పెండ్లి రీలు పోగొట్టినా, ఆ పెండ్లివాళ్ళ ముందర నిలబడింది ఇప్పటికీ మర్చిపోలా.

నీ ఎర్ర బల్బు కూడా ఒకసారి చూసుకో. పేపర్ ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి ఐదు నిమిషాలు ఆ లైటు కింద ఉంచి కడుగు, బిళ్ళ గుర్తు కనపడిందంటే ఆ బల్బు పనికిరాదు, ఇంకా దూరం పెట్టాల.

నెమ్మది గురించి అడిగినావు. మా దగ్గర కువైట్ పొయ్యేవాళ్ళ పాస్‌పోర్ట్ ఫోటోలు ఎక్కువ, అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు ఫోటో పేపర్ మీద రాత్రంతా వేసేవాళ్ళం. జిల్లాలో ఎన్ని ఊర్ల మొహాలు నా చేతికింద నీళ్ళల్లోంచి పైకొచ్చినాయో. బజార్లో ఎదురుపడితే వాళ్ళకి నేనెవురో తెలీదు, నాకు మాత్రం వాళ్ళు తెలుసు. మా ఓనరు బయట ఎంత గట్టిగా అరిచే మనిషైనా ఆ గదిలోకొస్తే గొంతు తగ్గించేవాడు. నీ ఒక్కడికే కాదు నాయనా.

ఇరవైనాలుగు_డిగ్రీలు:
బ్రో, నీ రీలు ఎందుకు పోయిందో చెప్తా. ఏడున్నర నిమిషాలనేది 20 డిగ్రీల లెక్క. ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ టైమ్ సుమారు పదోవంతు తగ్గించాల, 33 దగ్గర అదే టైమ్ ఉంచితే నెగెటివ్ నల్లగానే వస్తుంది, మూడు నిమిషాలకి తగ్గిద్దామంటే డెవలపర్ అంతటా సమానంగా పట్టదు, మచ్చలొస్తాయి. ఐదు నిమిషాల కిందికి పోవద్దు.

అందుకే ఐడీ-11ని సగం నీళ్ళు కలిపి వాడు. అప్పుడు హెచ్‌పీ5కి 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర దాదాపు 9. పైగా ఒక రీలుకి 150 మిల్లీ డెవలపర్, 150 మిల్లీ నీళ్ళు, ఆ నీళ్ళు ఫ్రిజ్‌లోవి పోస్తే మొత్తం 24కి సులభంగా దిగుతుంది. మన దగ్గర 20 కోసం కొట్లాడొద్దు, 24 పట్టుకో చాలు.

కడిగేటప్పుడు కొళాయి అరగంట వదలాల్సిన పని లేదు, ఈ హెచ్‌పీ5 చేసే ఇల్‌ఫోర్డ్ కంపెనీ వాళ్ళు చెప్పే పద్ధతి ఉంది: రీలు ఉన్న డబ్బాలో నీళ్ళు నింపి ఐదు సార్లు తలకిందులుగా తిప్పి పారబొయ్, మళ్ళీ నింపి పది సార్లు, మళ్ళీ నింపి ఇరవై సార్లు, అంతే. లీటరు నీళ్ళు కూడా పట్టవు, మే నెల్లో నీళ్ళ ట్యాంకర్ కోసం చూసే మనకి ఇది పెద్ద సంగతి. ఆఖరి కడుగు మాత్రం బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్, బోరు నీళ్ళయితే ఆరినాక తెల్ల చుక్కలు ఉండిపోతాయి.

మదనపల్లె_అక్క:
తమ్ముడూ, మా ఊరు మీకంటే కొంచెం చల్లనే, అయినా నేను మేలో రీళ్ళు కడగను. రీళ్ళు తీసి పెట్టుకుంటా, కడిగేది వానలు పడినాక. కానీ డార్క్‌రూము మాత్రం మూసెయ్యను. పేపర్‌కి వేడితో అంత పేచీ లేదు, 30 ఉన్నా తొందరగా వస్తుంది అంతే. చలికాలంలో కడిగిన నెగెటివ్‌లు ఉంటాయి కదా, వాటిని ఇప్పుడు తీరిగ్గా వేసుకో. నువ్వు ఒక్కో నెగెటివ్ ఎన్ని సార్లు వేసి చూసినావు? నేను మా నాయన ఫోటో ఒకటి పదకొండు సార్లు వేసినా, ఒకదాంట్లో చొక్కా తెల్లగా పోయింది, ఒకదాంట్లో కండ్లు కనపడలా, చెయ్యి అడ్డం పెట్టి మొహం మీద వెలుగు తగ్గిస్తా, పంచె మీద పెంచుతా, ఆఖరికి మా నాయన నాకు ఎట్లా గుర్తుండాడో అట్లా వచ్చింది. రెండు గంటలు కాదు, నాలుగు ఆదివారాలు పట్టింది, ఆ నాలుగూ నాకు పండగే.

నెగెటివ్ లేకపోయినా పర్వాలేదు. మా పాప ఎనిమిదో తరగతి, సెలవుల్లో ఇద్దరం చింతాకు రెబ్బలు, జామాకులు పేపర్ మీద పరిచి క్షణం సేపు లైటేసి కడుగుతాం, నల్లటి దాంట్లో తెల్లగా ఆకు నిలబడుతుంది. పాప బయట ఒక్క నిమిషం కుదురుగా ఉండదు, లోపల గుసగుసగా మాట్లాడుతుంది.

ఒక్క మాట, బాత్‌రూములో గాలి ఆడేట్టు చూసుకో, చేతులకి గ్లౌజులు వేసుకో. వాడిన హైపో చెట్లకి పొయ్యొద్దు, దాంట్లో వెండి దిగి ఉంటుంది, క్యాన్‌లో దాచి పెట్టు.

కొర్లగుంట_పిల్లోడు:
అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఈ పొద్దు తెల్లారుజామున నాలుక్కి లేచి, గంగాళం తడిగుడ్డ అన్నీ పెద్దాయన చెప్పినట్టే చేసి, అన్న చెప్పినట్టు సగం నీళ్ళు కలిపితే సరిగ్గా 24 వచ్చింది, 9 నిమిషాలు. చీకట్లో రీలు చుట్టేటప్పుడు వీధిలో పాల వ్యాన్ వచ్చి పోయింది, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇప్పుడు బట్టల దండానికి క్లిప్పుతో వేలాడతా ఉండాది, 36కి 36 కనపడతా ఉండాయి. అక్కా, జేజి నెగెటివ్ నేను ఒక్కసారే వేసినా, ఆదివారం మళ్ళీ మొదలుపెడతా. జేజికి చెప్తే అదెందుకు, ఇంకొకటి తియ్యి, ఈసారి నీలం చీర కట్టుకుంటా అనింది.