ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం: 1989లో పోలీసులు లోపలికి ఎందుకు వెళ్లలేదు?

ప్రశ్న:
1989 సెప్టెంబరులో తూర్పు జర్మనీ పౌరులు వేల సంఖ్యలో ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారని చదివాను. చెకోస్లొవేకియా అప్పటికింకా కమ్యూనిస్టు పాలనలోనే ఉంది, పైగా తూర్పు జర్మనీకి మిత్రదేశం. అలాంటప్పుడు తన రాజధానిలోనే ఉన్న ఆ ప్రాంగణంలోకి పోలీసులను పంపకుండా ఆ ప్రభుత్వాన్ని ఆపినదేమిటి? రాయబార కార్యాలయం ఉన్న నేల ఆ విదేశానికే చెందుతుందని చాలాకాలంగా వింటున్నాను. కారణం అదేనా?

సమాధానం 1:
కాదు. ఆ నేల ఎప్పటికీ ఆతిథ్య దేశానిదే. దౌత్య సంబంధాలకు నియమాలు పెట్టిన 1961 నాటి వియన్నా అంతర్జాతీయ ఒప్పందంలోని 22వ అధికరణం ప్రకారం, రాయబారి అనుమతి లేనిదే ఆతిథ్య దేశపు అధికారులు ఆ ప్రాంగణంలో అడుగుపెట్టకూడదు. అంతేకాక దానికి రక్షణ కల్పించవలసిన బాధ్యత కూడా వారిదే. తన రాయబారులకు ఇతర దేశాల్లో ఇదే రక్షణ కావాలి కాబట్టి ఏ ప్రభుత్వమూ ఈ నియమాన్ని తేలికగా అతిక్రమించదు.

సమాధానం 2:
పై సమాధానం సరైనదే కాని, అది సగమే. ఆశ్రయం ఇవ్వడం రాయబార కార్యాలయాల సాధారణ విధి కాదు, ఆ ఒప్పందంలో దాని ప్రస్తావన కూడా లేదు. అయితే తమ దేశస్థుల ప్రయోజనాలను కాపాడడం మాత్రం 3వ అధికరణంలో స్పష్టంగా ఉంది. పశ్చిమ జర్మనీ తన రాజ్యాంగం ప్రకారం తూర్పు జర్మనీ ప్రజలను కూడా జర్మన్ పౌరులుగానే పరిగణించేది. కంచె దూకి వచ్చిన కుటుంబాన్ని పరాయివారని బయటకు పంపే అవకాశం ఆ రాయబారికి లేదన్నమాట.

పశ్చిమ జర్మనీ, చెకోస్లొవేకియాల మధ్య దౌత్య సంబంధాలు 1973 చివరలో ఏర్పడ్డాక, 1974 నుంచి ఈ కార్యాలయం మాలా స్ట్రానా ప్రాంతంలోని లోబ్‌కోవిట్స్ భవనంలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలో ఒక సంపన్న కుటుంబం నివాసానికి కట్టిన ఆ భవనంలో, దాని వెనుక తోటలో, సెప్టెంబరు నెలాఖరుకు దాదాపు 4,000 మంది గుడారాల్లోనూ మెట్ల మీదా తలదాచుకోగా, వర్షాలకు తోటంతా బురదమయమైంది. ఆ పసిపిల్లల తల్లుల ఓర్పును తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. సెప్టెంబరు 30 సాయంత్రం పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి హాన్స్ డీట్రిచ్ గెన్షర్ బాల్కనీలో నిలబడి వారి ప్రయాణానికి అనుమతి లభించిందని చెబుతుండగా, వాక్యం పూర్తికాకముందే జనం హర్షధ్వానాలు చేశారు. ఆయన కూడా 1952లో తూర్పు జర్మనీ విడిచి వచ్చినవారే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఆ రైళ్లను నేరుగా పశ్చిమానికి పంపకుండా తూర్పు జర్మనీ మీదుగా ఎందుకు నడిపారు?

సమాధానం 2:
అది తూర్పు జర్మనీ పెట్టిన షరతు. వారు పారిపోలేదని, తామే పంపించివేశామని చూపించుకోవడానికి రైళ్లను డ్రెస్డెన్ మీదుగా పశ్చిమ జర్మనీలోని హోఫ్‌కు నడిపించింది. నా దృష్టిలో ఆ ప్రభుత్వం చేసిన పెద్ద పొరపాటు ఇదే. ఖాళీ అయిన కార్యాలయం కొద్ది రోజుల్లోనే మళ్లీ నిండింది. అక్టోబరు 3న తూర్పు జర్మనీ తన పౌరులు వీసా లేకుండా చెకోస్లొవేకియాకు వెళ్లడాన్ని నిలిపివేయగా, మరుసటి రాత్రి రెండో విడత రైళ్లు ఎక్కాలని డ్రెస్డెన్ స్టేషనుకు చేరిన జనానికీ పోలీసులకూ మధ్య తీవ్ర ఘర్షణ జరిగింది. నవంబరు మొదట్లో మళ్లీ రాకపోకలకు అనుమతించి, చెకోస్లొవేకియా నుంచి నేరుగా పశ్చిమానికి వెళ్లేందుకు కూడా ఒప్పుకోవలసి వచ్చింది. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది.