అప్‌డేట్: "లెట్స్ టేబుల్ దిస్" సంగతి తేలింది

పోయినసారి అడిగింది ఇదీ: మా అమెరికా మేనేజర్ నా ప్రపోజల్ గురించి "లెట్స్ టేబుల్ దిస్" అని మెయిల్ పెట్టారు, అంటే చర్చకు తీసుకుంటారా, పక్కన పెడతారా? మీ జవాబులు సగం అటు, సగం ఇటు వచ్చాయి.

నేరుగా ఆయన్నే అడిగేశాను. పక్కన పెడదామనే అట, వచ్చే క్వార్టర్‌లో చూద్దామన్నారు. అయితే రెండో వైపు చెప్పినవాళ్లదీ తప్పు కాదు, ఎందుకంటే మన దగ్గరా, బ్రిటన్‌లోనూ టేబుల్ చేయడమంటే సభ ముందు పెట్టడమే. కాగ్ రిపోర్టు పార్లమెంటులో టేబుల్ చేశారని ఇంగ్లిష్ పేపర్లో చదివితే అది ఎంపీల ముందుకొచ్చిందని అర్థం. అదే అమెరికా ప్రతినిధుల సభలో బిల్లును టేబుల్ చేసే తీర్మానం నెగ్గిందంటే, ఆ బిల్లు పని దాదాపు అయిపోయినట్టే.

ఒకాయన ఇచ్చిన చర్చిల్ ఉదాహరణ నాకు భలే నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ అధికారులు ఓ కాగితాన్ని అర్జెంటుగా టేబుల్ చేద్దామంటే, అమెరికన్లు దాన్ని సొరుగులో పడేద్దామంటున్నారని అనుకున్నారట, చాలాసేపు ఘాటుగా వాదించుకున్నాక గానీ ఇద్దరూ కోరేది ఒకటేనని తేలలేదట. చర్చిలే తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

వాటర్ టేబుల్, ఎక్కాల టేబుల్స్ గురించి రాసినవాళ్లకూ థాంక్స్, అవి నా టెన్షన్‌కి సంబంధం లేకపోయినా సరదాగా ఉన్నాయి. మా టీమ్‌లో లండన్ వాళ్లూ ఉన్నారు కాబట్టి నేనైతే ఇకమీదట మెయిల్‌లో "పోస్ట్‌పోన్" అనే రాస్తాను.