"హైటెన్షన్ తీగ తగిలి": ఈ మాటలో టెన్షన్ ఏది?

ప్రశ్న: "గూడ్స్ బండి ఎక్కి సెల్ఫీ తీసుకుంటుండగా హైటెన్షన్ తీగ తగిలి యువకుడి మృతి" లాంటి వార్తలు తరచూ చూస్తున్నాం. ఇక్కడ టెన్షన్ అంటే తీగ బిగువా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఇక్కడ టెన్షన్ అంటే వోల్టేజి. ఇంగ్లీషులో వెనుకటి రోజుల్లో వోల్టేజిని అలా కూడా అనేవారు. విడిగా ఆ వాడుక దాదాపు పోయినా హైటెన్షన్, లోటెన్షన్ అనే జంటలో మిగిలిపోయింది. ఊళ్లో హెచ్‌టీ లైను, ఎల్‌టీ లైను అంటున్నది దాన్నే. మన పాఠ్యపుస్తకాల్లోని "తన్యత" లాగుడుకు సంబంధించిన మాట (తలతన్యతలో ఉన్నది అదే), కాబట్టి "అధిక తన్యత తీగ" అంటే అర్థమే మారిపోతుంది. "అధిక వోల్టేజి తీగ" అంటే సరిపోతుంది.

అయితే రైలు తీగ విషయంలో మీ అనుమానానికి మంచి ఆధారమే ఉంది. అందులో రెండు టెన్షన్లూ ఉన్నాయి.

మొదట బిగువు సంగతి. పట్టాల మీద ఉన్నవి రెండు తీగలు. పైది కొంచెం వంపుగా వేలాడుతుంది, దాన్ని కేటినరీ అంటారు. దాని నుంచి డ్రాపర్లు అనే సన్నటి తీగలు దింపి, కింది తీగను పట్టాలకు సమాంతరంగా నిలబెడతారు. ఈ కింది తీగే కాంటాక్ట్ వైరు. ఇంజను మీద కరెంటు అందుకునే చట్రం, అంటే పాంటోగ్రాఫ్, రాసుకుంటూ పోయేది దీన్నే. ఒక్క తీగే కట్టి వదిలేస్తే దండెంలా నడుమ జారుతుంది, వేగంగా పోయే పాంటోగ్రాఫ్‌కు ఒకచోట అంది ఒకచోట అందక నిప్పురవ్వలు లేస్తాయి. అందుకే మన మెయిన్ లైన్లలో సాధారణంగా ఒక్కో తీగను 1,000 కిలోల బలంతో లాగి ఉంచుతారు. ఎండకు రాగి సాగినా ఈ బిగువు తగ్గకూడదు కదా, దానికోసం తీగ చివరి స్తంభం దగ్గర కప్పీల మీదుగా బరువులు వేలాడదీస్తారు. ఈసారి కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చూడండి, దొంతరగా పేర్చిన ఇనుప బిళ్లలు కనిపిస్తాయి. మే నెలలో అవి కిందికి దిగుతాయి, చలికాలంలో పైకి లేస్తాయి.

ఇక వోల్టేజి. పొలాల మీదుగా పోయే 11 కేవీ (11,000 వోల్టుల) లైనుకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ: 25,000 వోల్టులు. అంత ఎందుకంటే, ఒకే శక్తిని ఎక్కువ వోల్టేజిలో పంపితే తక్కువ కరెంటు సరిపోతుంది, సన్నటి తీగతో పని జరుగుతుంది. 4,500 కిలోవాట్లు లాగే ఇంజనుకు 25 కేవీ దగ్గర సుమారు 180 ఆంపియర్లు చాలు. 1925లో బొంబాయిలో వాడిన 1,500 వోల్టుల దగ్గరైతే 3,000 ఆంపియర్లు కావాలి.

గ్రిడ్ నుంచి 132 కేవీ, 220 కేవీ లాంటి లైన్ల మీద వచ్చే కరెంటును రైల్వే సబ్‌స్టేషన్‌లో 25 కేవీకి తగ్గించి, ఒక కొసను తీగకు, రెండో కొసను పట్టాలకు కలుపుతారు. కరెంటు తీగలో వచ్చి, ఇంజనులోంచి దిగి, పట్టాల గుండా, నేల గుండా తిరిగి సబ్‌స్టేషన్‌కు చేరుతుంది.

నాకు అసలు బాధ కలిగించేది "తగిలి" అన్న మాట. పట్టాల మీద నిలబడిన ఇనుప వ్యాగన్ అంటే ఆ రెండో కొసే. దాని పైకెక్కిన మనిషి ఒక కొస మీద నిలబడి మరో కొస అయిన తీగ దగ్గరికి తల పెడుతున్నాడు. కాంటాక్ట్ వైరు పట్టాల నుంచి దాదాపు ఐదున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆయిల్ ట్యాంకర్ వ్యాగన్ ఎత్తే నాలుగు మీటర్లు దాటుతుంది. తీగను తాకనక్కర్లేదు. చెయ్యో సెల్ఫీ స్టిక్కో బాగా దగ్గరికి వెళ్తే మధ్యలోని గాలిని చీల్చుకుని కరెంటు దూకుతుంది, ఒళ్లు కాలిపోతుంది. రైల్వే సిబ్బంది కూడా సరఫరా ఆపించకుండా 2 మీటర్ల లోపలికి వెళ్లకూడదన్నది నియమం. "తీగ తగిలి" అని చదివిన కుర్రాడు తగలకుండా జాగ్రత్తపడితే చాలనుకుంటాడు. పల్లెల్లో అనే "కరెంటు లాగేసింది" అన్న మాట ఇంతకన్నా నిజానికి దగ్గరగా ఉంది. విలేకరులు దాన్నే వాడితే ఎంత మేలో!

మరొకరు: ఫ్రెంచిలో వోల్టేజిని ఇప్పటికీ టెన్షన్ అనే అంటారు (ఉచ్చారణ వేరు). మన 25 కేవీ పద్ధతికీ ఫ్రెంచి వాళ్లతో చుట్టరికం ఉంది. 1950లలో ఫ్రెంచి రైల్వే సలహాతోనే దీన్ని ఎంచుకున్నారు. లోకో పైలట్లు ఇంజనులోని మెయిన్ బ్రేకర్‌ను (కరెంటును కలిపే, తెంచే పెద్ద స్విచ్చిని) "డీజే" అంటారు, అది ఫ్రెంచి "డిస్‌జోంక్తర్"కు పొట్టిపేరు. పక్కపక్క సబ్‌స్టేషన్లు వేర్వేరు ఫేజుల మీద ఉంటాయి కాబట్టి, వాటి తీగలు కలవకుండా నడుమ కరెంటు లేని చిన్న ముక్క పెడతారు. దాని పేరు న్యూట్రల్ సెక్షన్. అక్కడికి వచ్చే ముందు పైలట్ డీజే తెరుస్తాడు, దాటాక మూస్తాడు.

ప్రశ్న అడిగినవారు: "తెరుస్తాడు" అంటే ఆపడమా?

మరొకరు: అవునండీ. సర్క్యూట్ భాషలో తెరిస్తే కరెంటు ఆగుతుంది, మూస్తే పారుతుంది. కుళాయికి ఇది తిరగబడిన లెక్క, కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పాల్సింది ఇదే.