ట్యాగ్ పడుతోంది, పబ్లిష్ వర్క్‌ఫ్లో మాత్రం లేవట్లేదు: రిలీజ్ ప్లీజ్ సెటప్

శ్రావణి_కె అడిగిన ప్రశ్న

గిట్‌హబ్‌లో ఒక టైప్‌స్క్రిప్ట్ లైబ్రరీకి ఆటోమేటిక్ రిలీజ్ పెడుతున్నాం. మెయిన్ బ్రాంచ్‌లోకి ఏది మెర్జ్ అయినా రిలీజ్ ప్లీజ్ (కమిట్ మెసేజ్‌లు చూసి రిలీజ్ సిద్ధం చేసే టూల్) యాక్షన్ రన్ అయి, ఛేంజ్‌లాగ్ రాసి, వెర్షన్ పెంచి ఒక రిలీజ్ పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే మార్పులు కలపమనే అభ్యర్థన) తెరుస్తుంది. అది మెర్జ్ చేస్తే వి2.4.0 ట్యాగ్ (ఆ వెర్షన్ కమిట్‌కి పెట్టే పేరు) పడుతోంది, రిలీజ్ పేజీ కూడా వస్తోంది. అక్కడితో ఆగిపోతోంది.

ఎన్‌పీఎంకి (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పెట్టే చోటు) పంపే పని పబ్లిష్ డాట్ వైఎంఎల్ అనే వేరే వర్క్‌ఫ్లో ఫైల్లో (గిట్‌హబ్ దానంతటదే నడిపే పనుల ఫైల్) ఉంది. కొత్త ట్యాగ్ పుష్ అయితే అది లేవాలి. లేవట్లేదు. ఎర్రర్ కూడా లేదు, యాక్షన్స్ ట్యాబ్‌లో అసలు రన్నే కనబడదు. అదే ట్యాగ్ తీసేసి లాప్‌టాప్ నుంచి పుష్ చేస్తే వెంటనే నడుస్తోంది.

ఇంకొకటి. "ఫీట్:" (కొత్త ఫీచర్ అని చెప్పే గుర్తు) అని టైటిల్ పెట్టిన పీఆర్ ఒకటి స్క్వాష్ మెర్జ్ (కమిట్లన్నీ ఒక్కటిగా కలిపే మెర్జ్) అయింది, కానీ దానికి రిలీజ్ పీఆర్ రాలేదు. మిగతావాటికి వస్తోంది.

రఘు_టి

శ్రావణి గారూ, మీ ఫైల్లో తప్పేం లేదండీ. వర్క్‌ఫ్లో లోపల దానంతటదే దొరికే గిట్‌హబ్ టోకెన్‌తో (తాత్కాలిక తాళంచెవి లాంటిది) ఏ పని చేసినా, ఆ పని వల్ల ఇంకో వర్క్‌ఫ్లో మొదలవదు. ఒకదాన్ని ఒకటి లేపుకుంటూ ఆగకుండా తిరగకూడదని గిట్‌హబ్ కావాలనే పెట్టిన అడ్డు ఇది. వర్క్‌ఫ్లో డిస్పాచ్ (వర్క్‌ఫ్లోని చేత్తో గానీ ఏపీఐతో గానీ మొదలుపెట్టడం), రిపోజిటరీ డిస్పాచ్ (బయటి నుంచి ఏపీఐతో పంపే ఈవెంట్) ఈ రెండింటికే మినహాయింపు. మీ చేత్తో పుష్ చేసిన ట్యాగ్ మీ పేరు మీద వెళ్తుంది కాబట్టి పని చేస్తోంది.

ట్యాగ్ మీద ఆధారపడటం మానేయండి. పబ్లిష్‌ని రిలీజ్ ప్లీజ్ ఉన్న ఫైల్లోకే రెండో జాబ్‌గా తెచ్చి, "నీడ్స్"తో మొదటి జాబ్‌కి కట్టండి. రిలీజ్ ప్లీజ్ స్టెప్‌కి ఐడీ ఇచ్చి, "రిలీజ్ క్రియేటెడ్", "ట్యాగ్ నేమ్" అనే రెండు అవుట్‌పుట్‌లను జాబ్ స్థాయిలో మళ్లీ ప్రకటించాలి. ఇది మర్చిపోతే రెండో జాబ్‌కి ఖాళీ విలువే అందుతుంది. తర్వాత రెండో జాబ్ "ఇఫ్"లో రిలీజ్ క్రియేటెడ్ విలువను 'ట్రూ' అనే స్ట్రింగ్‌తో పోల్చండి. అవుట్‌పుట్‌లన్నీ స్ట్రింగులే కాబట్టి, పోలిక లేకుండా వదిలేస్తే 'ఫాల్స్' అని వచ్చినా ఖాళీ కాని స్ట్రింగ్ కదా, నిజం కిందే లెక్క.

పర్మిషన్స్ జాబ్‌కి జాబ్ విడిగా రాయండి. మొదటిదానికి కంటెంట్స్ రైట్, పుల్ రిక్వెస్ట్స్ రైట్, ఇష్యూస్ రైట్. రెండోదానికి కంటెంట్స్ రీడ్, ఐడీ-టోకెన్ రైట్ (ఈ వర్క్‌ఫ్లో ఎవరిదో ఎన్‌పీఎంకి రుజువు చేయడానికి). పర్మిషన్స్ కింద ఒక్క లైన్ రాసినా, రాయనివన్నీ సున్నా అయిపోతాయి. ఐడీ-టోకెన్ ఒక్కటే రాస్తే ప్రైవేట్ రిపోలో చెకౌట్ దగ్గరే పడిపోతుంది.

మాధవి_డెవాప్స్

రఘు గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త కలుపుతున్నా. మీరు ఎన్‌పీఎం ట్రస్టెడ్ పబ్లిషింగ్ వాడుతుంటే (జులై 2025 నుంచి అందరికీ ఉంది, దాచిపెట్టే టోకెన్ అక్కర్లేదు కాబట్టి అదే వాడండి), ఎన్‌పీఎం సైట్‌లో ప్యాకేజీ సెట్టింగ్స్‌లో వర్క్‌ఫ్లో ఫైల్ పేరు ఇచ్చి ఉంటారు. పబ్లిష్ జాబ్ ఇంకో ఫైల్లోకి మారగానే అక్కడ కూడా పేరు మార్చాలి, ఎక్స్‌టెన్షన్‌తో సహా అక్షరం తేడా లేకుండా. ఎన్‌పీఎం సీఎల్‌ఐ (కమాండ్ లైన్ టూల్) 11.5.1 గానీ ఆ పైది గానీ ఉండాలి. నోడ్ 22తో వచ్చేది 10వ వరుస, అది చాలదు. పబ్లిష్‌కి ముందు ఎన్‌పీఎంని అప్‌డేట్ చేసే స్టెప్ పెట్టండి.

ఇక రిలీజ్ రాని పీఆర్ సంగతి. అందులో ఒక్కటే కమిట్ ఉందేమో చూడండి. స్క్వాష్ మెర్జ్‌లో గిట్‌హబ్ డిఫాల్ట్ ఏమిటంటే, కమిట్లు ఒకటికన్నా ఎక్కువుంటే పీఆర్ టైటిల్ తీసుకుంటుంది, ఒక్కటే ఉంటే ఆ కమిట్ మెసేజ్‌నే తీసుకుంటుంది. టైటిల్ "ఫీట్: టైమౌట్ ఆప్షన్" అని ఉన్నా, లోపలి కమిట్ "టైమౌట్ మార్పులు" అని ఉంటే మెయిన్‌లో పడేది రెండోదే. రిలీజ్ ప్లీజ్‌కి అందులో ఫీట్ కనబడదు, ఫిక్స్ కనబడదు, ఊరుకుంటుంది. సెట్టింగ్స్, జనరల్, పుల్ రిక్వెస్ట్స్ కింద స్క్వాష్ డిఫాల్ట్ మెసేజ్‌ని "పుల్ రిక్వెస్ట్ టైటిల్"కి మార్చండి. టైటిల్ పద్ధతిగా ఉందో లేదో చూసే చెక్ కూడా తప్పనిసరి చేయండి.

ఇమ్రాన్_బిల్డ్స్

మెయిన్ మీద తప్పనిసరి చెక్‌లు ఉన్నాయా? ఉంటే పబ్లిష్ జాబ్ మార్చినంత మాత్రాన సరిపోదు. రిలీజ్ పీఆర్ తెరిచేది కూడా అదే టోకెన్ కదా, దాని మీద టెస్టులు మొదలవవు. "స్టేటస్ కోసం ఎదురుచూస్తున్నాం" అని అలాగే కూర్చుంటుంది. ఎవరైనా మనిషి ఆ పీఆర్ మూసి మళ్లీ తెరిస్తే చెక్‌లు నడుస్తాయి, కానీ ప్రతి రిలీజ్‌కీ అది చేయిస్తే ఆటోమేషన్ అని పిలవలేం. ఇక్కడ మాత్రం గిట్‌హబ్ యాప్ చేసుకుని, దాని టోకెన్ రిలీజ్ ప్లీజ్‌కి ఇవ్వడమే సరైన దారి. ఆ టోకెన్ గంటలో చచ్చిపోతుంది, ఏ ఉద్యోగి ఖాతాకీ ముడిపడి ఉండదు. పర్సనల్ యాక్సెస్ టోకెన్ పెట్టొద్దు, ఆ మనిషి టీమ్ వదిలిన రోజు రిలీజ్‌లు ఆగిపోతాయి.

యాప్ టోకెన్ వచ్చాక ట్యాగ్ పుష్ కూడా వర్క్‌ఫ్లోలను లేపుతుంది. పాత పబ్లిష్ ఫైల్ మర్చిపోకుండా తీసేయండి. లేకపోతే ఒకే వెర్షన్‌ని రెండు రన్‌లు పంపబోయి, రెండోది "ముందే పబ్లిష్ అయింది" అని 403తో పడుతుంది.

థర్డ్ పార్టీ యాక్షన్స్‌ని ట్యాగ్‌తో కాకుండా 40 అక్షరాల కమిట్ హ్యాష్‌తో పిన్ చేయండి. మార్చి 2025లో టీజే-యాక్షన్స్ ఛేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్ విషయంలో ట్యాగ్‌లనే చెడ్డ కమిట్ మీదికి తిప్పేసి, రన్నర్‌లోని (వర్క్‌ఫ్లో నడిచే మెషీన్) సీక్రెట్స్‌ని లాగ్‌లోకి రాయించారు. హ్యాష్‌తో పిన్ చేసుకున్నవాళ్లకి అది తగలలేదు.

శ్రావణి_కె

అవునండీ, ఆ పీఆర్‌లో ఒక్కటే కమిట్. సెట్టింగ్ మార్చాను. జాబ్ కూడా కలిపాను, యాప్ రేపు పెడతాం. ఒకటి చెప్పండి: ట్యాగ్ పడ్డాక పబ్లిష్ జాబ్ నెట్‌వర్క్ వల్ల పడిపోతే?

రఘు_టి

"రీ-రన్ ఫెయిల్డ్ జాబ్స్" నొక్కండి, మొదటి జాబ్ అవుట్‌పుట్‌లు అలాగే ఉంటాయి. "రీ-రన్ ఆల్" మాత్రం వద్దు. రిలీజ్ ప్లీజ్ మళ్లీ నడిచి, రిలీజ్ ముందే ఉందని చూసి కొత్తది చేయదు, దాంతో పబ్లిష్ స్కిప్ అవుతుంది, రన్ ఆకుపచ్చగా కనబడుతుంది. ఎన్‌పీఎంలో ఏమీ ఉండదు.

తప్పు యామల్‌లోనే (వర్క్‌ఫ్లో వైఎంఎల్ ఫైల్) ఉంటే రీ-రన్ పనికిరాదు, అది పాత కమిట్‌లోని ఫైలే వాడుతుంది. అందుకే వర్క్‌ఫ్లో డిస్పాచ్ కూడా పెట్టి, ట్యాగ్ పేరు ఇన్‌పుట్‌గా తీసుకోండి. "ఇఫ్"లో "లేదా ఈవెంట్ వర్క్‌ఫ్లో డిస్పాచ్ అయితే" అని కలిపి, చెకౌట్ రెఫ్‌గా ఆ ట్యాగే ఇవ్వండి. మెయిన్‌లో సరిచేసిన యామల్, ట్యాగ్‌లో ఉన్న కోడ్, రెండూ కలిసి నడుస్తాయి.