లారీ గేర్ బాక్సు దించి క్లచ్ ప్లేటు మార్చే పని: ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న (అంబాజీపేట నుంచి ఒక లారీ యజమాని):

నమస్కారమండి. కొబ్బరికాయల లోడు తోలే మా ఆరు చక్రాల లారీ, రెండు వారాలుగా గౌతమి వంతెన ఎక్కేటప్పుడు ఎక్సలేటరు నొక్కితే ఇంజను హోరు పెరుగుతున్నదే గాని వేగం అందుకోవడం లేదు. కాలిన వాసన కూడా వస్తున్నది. మా తమ్ముడికి మెకానిక్ పని కొంత తెలుసు. గేర్ బాక్సును మేమే దించి ప్లేటు మార్చుకోవాలనుకుంటున్నాం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి ఒక మెకానిక్):

ముందుగా జబ్బు ప్లేటుదేనని రూఢి చేసుకోండి. బండి ముందు ఎవరూ లేకుండా చూసి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు బిగించి, పై గేరులో క్లచ్ పెడలును మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతున్నట్టే. అయితే పెడలుకు ఫ్రీ ప్లే (తొక్కగానే మొదట వచ్చే వట్టి కదలిక) లేక రిలీజ్ బేరింగు (పెడలు తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగు) ఎప్పుడూ నొక్కుకొని ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి, దాన్ని సరిచేసి ఇంకోసారి పరీక్షించిన తరువాతే స్పానరు పట్టండి.

మన ఒండ్రు నేలమీద ఈ పని వద్దు. బరువు పడగానే జాకీ ఒక పక్కకు దిగబడుతుంది. రైస్ మిల్లు సిమెంటు కళ్లం దొరికితే అక్కడ చేసుకోండి. కొబ్బరి దుంగలను దన్నుగా పెట్టే అలవాటు మన వైపు ఉంది, కానీ అవి దొర్లుతాయి, చీలుతాయి. బండి కింద మనిషి పడుకునే పనిలో వాటిని నమ్మవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి వెనుక చక్రాల వైపు వెళ్ళే పొడవాటి కడ్డీ) జాయింటు రెండు వైపులా గుర్తు గీసి విప్పండి. అదే గుర్తుకు తిరిగి బిగించకపోతే అదురు రావచ్చు. గేరు రాడ్డు, వైర్లు, క్లచ్ సిలిండరు, అడ్డు వస్తే సెల్ఫ్ మోటారు తీసేయండి. ఇంజను వెనుక భాగానికి విడిగా దన్ను పెట్టండి.

ఇక అసలు సంగతి. బెల్ హౌసింగు (క్లచ్‌ను కప్పి గేర్ బాక్సును ఇంజనుకు కలిపే గుల్ల) బోల్టులు తీసినప్పటి నుంచి గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా గేర్ బాక్సు బరువంతా జాకీ మీదే ఉండాలి. ఒక్క క్షణం వేలాడినా ఆ బరువు షాఫ్టు ద్వారా ప్లేటు నడిమి భాగం మీద పడి దాన్ని వంచుతుంది. దించేటప్పుడు వంగేది పాత ప్లేటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎక్కించేటప్పుడు అదే తప్పు చేస్తే కొత్త ప్లేటు మొదటి రోజే పాడవుతుంది, పెడలు తొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు, గేర్లు గీరుకుంటాయి. సరుకు నాసిరకమని అంగడివాణ్ణి తిట్టుకునే సందర్భాలు చాలావాటిలో తప్పు బిగింపుదేనని నా అభిప్రాయం.

ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీలుకు నొక్కి పట్టేది) బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయండి. పాత ప్లేటు ఏ ముఖం ఎటు ఉందో ముందే చూసుకోండి. లోపలి పొడిని గాలితో ఊదకండి, పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడి గుడ్డతో తుడవండి. ఇంత శ్రమ పడ్డాక ప్లేటు ఒక్కటే మార్చి మూయడం తెలివైన పని కాదు. రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు (ఇంజను వైపు ఇన్‌పుట్ షాఫ్టు కొనను పట్టేది) కూడా మార్చండి. ఇంజను వెనుక ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే తప్పకుండా మార్చండి, లేకపోతే నూనె పడి కొత్త ప్లేటు కూడా జారుతుంది. ఫ్లైవీలు మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్ళు కనిపిస్తే లేత్ వర్క్‌షాపులో చూపించండి.

రాజోలు నుంచి ఒక సభ్యుడు:

వరద నీటిలో నిలిచిన మా బండికి, పెడలు ఎంత తొక్కినా గేరు పడలేదు. గేర్ బాక్సు దించితే ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కొని ఉంది. లంక గ్రామాలకు వెళ్ళే బండ్లవారు దీన్ని కూడా గుర్తుంచుకోవాలి.

అంబాజీపేట యజమాని:

చాలా కృతజ్ఞతలండి. మీరు చెప్పినట్టే మిల్లు కళ్లం మీద చేస్తున్నాం. కొత్త ప్లేటు బిగించాం గాని, గేర్ బాక్సు ఇంకా అర అంగుళం దూరంలో ఆగిపోయింది. పొడవాటి బోల్టులతో దగ్గరికి లాగవచ్చునా?

పాలకొల్లు మెకానిక్:

వద్దండి, బోల్టులతో లాగితే హౌసింగు చెవులు విరుగుతాయి. ప్లేటు సరిగ్గా నడుమకు రాలేదేమో చూడండి. గేర్ బాక్సును వెనక్కి తీసి, పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే దాన్ని ప్లేటులోంచి పైలట్ బేరింగుదాకా దూర్చి ప్రెషర్ ప్లేటు తిరిగి బిగించండి. షాఫ్టు పళ్ళకు గ్రీజు పలుచగా మాత్రమే పూయండి, ఎక్కువైతే చిమ్మి ప్లేటు మీద పడుతుంది. తరువాత గేర్ బాక్సును ఒక గేరులో ఉంచి, జాకీతో రెండు ముఖాల మధ్య సందు చుట్టూ సమానంగా ఉండేలా ఎత్తు సరిచేసి, వెనుక ఫ్లాంజిని (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే బిళ్ళను) చేత్తో కొద్దిగా తిప్పుతూ ముందుకు నెట్టండి. పళ్ళు కలిసినప్పుడు అది తనంతట తానే జారి ఆనుకుంటుంది. అలా ఆనుకున్నాకే బోల్టులు వేళ్ళతో పెట్టి, ఎదురెదురుగా బిగించండి.