అల నురుగుకు కాగితం తెలుపు వదలాలా, తెల్ల రంగు వేయాలా?

పెన్న_ఒడ్డు (కడప):
వాటర్‌కలర్ సముద్రంలో నురుగుకు తెల్ల రంగు ముట్టకూడదన్నది నా వాదన. పలుచని రంగు కింద నుంచి కాగితం వెలుగు తిరిగొస్తేనే నీళ్ళు నీళ్ళలా కనబడతాయి. జింక్ వైట్ తడిలో నిండుగా ఉండి, ఆరాక వెలిసిపోతుంది. మళ్ళీ పూత, ఆపైన ఇంకో పూత. చివరికి సున్నం కొట్టిన గోడే!

అనంత_కుంచె (అనంతపురం):
అన్నా, ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ అంతటివాడే నీలి కాగితం మీద తెల్ల గ్వాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగు) వాడినాడు. అదేం దొంగతనం కాదు. మన ఎండలు కూడా చూడాల గదా. ఏప్రిల్‌లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. నురుగు వదిలేస్తూ నీలం లాగేలోపే మొదటి అంచు ఆరి గీత పడుతుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెలుపు మిగలాల్సిన చోట ముందే పూసి, తర్వాత పీకేసే రబ్బరు ద్రవం) పూస్తే ఈ వేడికి కాగితాన్ని పట్టేస్తుంది, పీకితే పొర లేస్తుంది.

బురుజు_కర్నూలు:
ఎండను సాకుగా చెప్పొద్దు తమ్ముడూ, దానికి ఉపాయముంది. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితాన్ని రెండువైపులా తడిపి యాక్రిలిక్ పలక మీద పరచండి, ఫ్యాన్ ఆపండి. కింది తడి వల్ల వాష్ (పలుచని రంగు పూత) నెమ్మదిగా ఆరుతుంది. అప్పుడు ఆకాశం, దూరపు నీళ్ళు వేసేయండి. అల తల మాత్రం కాగితం పూర్తిగా ఆరాకే. రఫ్ (గరుకు) కాగితం మీద, గుడ్డకద్దిన కుంచెను పడుకోబెట్టి పక్కకు ఈడిస్తే గుంటల్లో తెలుపు దానంతటదే మిగులుతుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ తప్పదంటే పలుచగా పూసి, డ్రయ్యర్ పెట్టకుండా, అదే రోజు తీసేయాల.

అసలు తప్పు తెలుపులో లేదు, నీడలో ఉంది. నురుగంతా తెల్లగా వదిలితే దూదిలా తేలుతుంది. కోబాల్ట్ బ్లూలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టిరంగు) కలిపిన పలుచని బూడిదరంగు అడుగున పడాల. దాని పక్కన తడి ఇసుకను పొడి ఇసుక కన్నా ముదురుగా వేయండి. రేణువుల మధ్య నీళ్ళు నిండితే వెలుగు లోపలికి పోయి తక్కువగా తిరిగొస్తుంది, అందుకే ఆ ముదురు. ఆ ముదురుంటేనే నురుగు వెలుగుతుంది. నురుగు వలలో కన్నాలు దగ్గర పెద్దగా, దూరం పోయేకొద్దీ చదునుగా సాగాల. అందరూ గుండ్రంగా వేసి చెడగొట్టేది ఇక్కడే.

అనంత_కుంచె:
నీడ మాట ఒప్పుకుంటా. కానీ రాతికి కొట్టుకుని లేచే తుంపర? ముదురు రాయి మీద అన్ని చుక్కలు వదలడం ఎవరి తరం?

పెన్న_ఒడ్డు:
బ్లేడు మొనతో గీకండి.

బురుజు_కర్నూలు:
గీకితే ఆ చోట మళ్ళీ రంగు వేయలేం, పీచు లేచి మరక పడుతుంది. తుంపర వరకు టైటానియం వైట్‌ను పాలంత పలుచగా కలిపి టూత్‌బ్రష్‌తో చల్లండి, మిగతా బొమ్మను కాగితంతో కప్పి. రాయి రంగు తడిగా ఉంటే చుక్కలు అందులో కలిసి బూడిదవుతాయి, బాగా ఆరనివ్వండి.

పెన్న_ఒడ్డు:
తుంపరకైతే సరే. అల తలకు మాత్రం ఒప్పుకోను.